హెలికాప్టర్ గాలింపు, రక్షణ సేవలు సైన్యం చేతిలో ఉండాలా, పౌర సంస్థలకు అప్పగించవచ్చా?

ప్రశ్న:
బ్రిటన్‌లో దశాబ్దాల పాటు వాయుసేన, నౌకాదళాల సీ కింగ్ హెలికాప్టర్లు చేసిన గాలింపు, రక్షణ పనిని 2015లో బ్రిస్టో అనే ప్రైవేటు సంస్థ చేపట్టింది. నార్వేలో మాత్రం ఇదే పనిని వాయుసేనకు చెందిన 330వ స్క్వాడ్రన్ చేస్తూ వస్తోంది. రెండు దేశాలకూ ఉత్తర సముద్రమే సరిహద్దు, రెండింటిలోనూ కొండలూ చలిగాలులూ తప్పవు. మరి ఒకే పనికి ఇంత భిన్నమైన ఏర్పాట్లు ఎందుకు? ప్రాణం మీదికి వచ్చిన వేళ లాభం చూసుకునే సంస్థను నమ్ముకోవచ్చా అన్నది నా అసలు సందేహం.

జవాబు 1:
బ్రిటన్ వాయుసేన ఈ పనిలోకి దిగింది రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో కూలిన తన వైమానికులను కాపాడుకోవడానికి. యుద్ధం ముగిశాక ఆ అవసరం తగ్గిపోయి, చేపల పడవల వారు, కొండలెక్కేవారు, దీవుల్లోని రోగులు వంటి సామాన్య పౌరుల కోసమే హెలికాప్టర్లు ఎక్కువగా ఎగరసాగాయి. అంటే పౌర సేవ ఖర్చును రక్షణ బడ్జెట్ మోస్తూ వచ్చింది. సీ కింగ్‌లు పాతబడి కొత్తవి కొనవలసి వచ్చినప్పుడు ఆ భారం ఎవరిదన్న ప్రశ్న తలెత్తక తప్పలేదు. పైగా పౌర సిబ్బంది అక్కడ కొత్త కాదు. స్కాట్లండ్ దీవుల్లోని సంబరో, స్టోర్నోవే వంటి తీర రక్షక స్థావరాల్లో 1980ల నుంచే వారు పనిచేస్తున్నారు.

లాభం సంగతికి వస్తే, ఇలాంటి ఒప్పందాల్లో చెల్లింపులో పెద్ద భాగం సిద్ధంగా ఉన్నందుకు ముట్టేదే తప్ప, కాపాడిన తలకింత అని లెక్కగట్టేది కాదు. హెలికాప్టర్‌ను ఎప్పుడు, ఎక్కడికి పంపాలో తీర రక్షక దళం నిర్ణయిస్తుంది, కాపాడబడిన వారికి బిల్లు రాదు. పిలుపు అందాక పగలు 15 నిమిషాల్లో, రాత్రి 45 నిమిషాల్లో బయలుదేరాలన్న ప్రమాణాన్ని ఒప్పందంలో రాసి పెట్టారు.

జవాబు 2:
యూనిఫాం కన్నా శిక్షణ గురించే ఎక్కువగా ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతాను. అలల మీద ఊగుతున్న చిన్న పడవ నుంచి గాయపడిన మనిషిని పైకి లాగే పనినే చూడండి. సరిగ్గా పడవ మీదికి వచ్చేసరికి అది పైలట్ కంటికి కనిపించదు. తలుపు దగ్గర నుంచి కిందికి చూస్తున్న వించ్ (తాడును దించి పైకి లాగే యంత్రం) ఆపరేటర్ "ముందుకు రెండు, కుడికి ఒకటి, ఆగండి" అని చెబుతుంటే, ఆ మాటనే కళ్లుగా చేసుకుని పైలట్ హెలికాప్టర్‌ను నిలుపుతాడు. ముందుగా బరువు కట్టిన సన్నని తాడును డెక్ మీదికి వదులుతారు; పడవవారు దాన్ని చేత్తో పట్టి లాగుతూ కిందికి దిగే రక్షకుణ్ణి తమవైపు తెచ్చుకోవాలే గాని, ఎట్టి పరిస్థితిలోనూ పడవకు కట్టేయకూడదు. ఎగురుతున్న హెలికాప్టర్‌లో పోగయ్యే స్థిర విద్యుత్తు కొట్టకుండా, వించ్ తాడు చివరి కొక్కెం ముందు నీటినో డెక్‌నో తాకేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోరు.

ఈ ఒడుపు నిరంతర సాధనతోనే నిలుస్తుంది, అందుకే ఎగిరే గంటల్లో చాలా భాగం అభ్యాసానికే పోతుంది. బ్రిటన్‌లో పౌర సేవ మొదలైనప్పుడు సైన్యంలో రాటుదేలిన వారు అనేకులు అందులో చేరారు. సైన్యం ఈ పని మానుకున్నాక రాత్రివేళ, చెడు వాతావరణంలో చేయి తిరిగినవారు రేపు ఎక్కడి నుంచి వస్తారు? ఒప్పందం రాసేవారు హెలికాప్టర్ల సంఖ్య కన్నా ముందు శిక్షణ గంటలను, కొత్తవారిని తయారుచేసే బాధ్యతను రాయాలి. ఖర్చు తగ్గించుకోవాలనిపించినప్పుడు మొదట కోత పడేది వాటికే.

జవాబు 3:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. ప్రమాదం ఎవరినీ విడిచిపెట్టలేదు. 2006లో కెనడా వాయుసేనకు చెందిన కార్మొరాంట్ హెలికాప్టర్ నోవా స్కోషియా తీరంలో రాత్రి వించ్ అభ్యాసం చేస్తూ కూలి ముగ్గురు మరణించారు. 2017 మార్చిలో ఐర్లండ్‌లో పౌర సంస్థ నడిపిన రెస్క్యూ 116 అనే హెలికాప్టర్ మేయో తీరంలోని బ్లాక్‌రాక్ దీవిని ఢీకొని నలుగురు సిబ్బందీ మరణించారు. నేలో కొండో దగ్గరపడితే పైలట్‌ను హెచ్చరించే పరికరం డేటాబేస్‌లో ఆ దీవే లేదు. ఆ డేటాను ఎవరు సరిచూడాలన్నది స్పష్టంగా ఉండాలి, హెలికాప్టర్ నడిపేది ఏ సంస్థ అయినా సరే.

నార్వే విషయంలో ఒక వివరం చేర్చాలి. అక్కడి కొత్త ఏడబ్ల్యూ101 హెలికాప్టర్ల యాజమాన్యం న్యాయ మంత్రిత్వ శాఖది, నడిపేది వాయుసేన. డబ్బు పౌర శాఖ నుంచి, నైపుణ్యం సైన్యం నుంచి వచ్చే ఈ పద్ధతిలో రక్షణ బడ్జెట్ మీద భారం పడదు, సిబ్బందికి ఆ అనుభవమూ పోదు. చిన్న దేశాలకు ఇదే మేలని నా అభిప్రాయం. అయితే పెద్ద వరద వచ్చి వేలమందిని ఒక్కసారిగా తరలించవలసి వస్తే, ఏ ఒప్పందంలోనూ అన్ని హెలికాప్టర్లు ఉండవు కనుక, సేవ పౌర సంస్థ చేతిలో ఉన్న దేశాల్లోనూ సైన్యాన్ని పిలవక తప్పదు. ఆ పిలుపు ఎవరు ఇవ్వాలో, ఉమ్మడి అభ్యాసాలు ఎప్పుడు జరగాలో ముందే నిర్ణయించుకోవాలి.