చదవలేని పిల్లలకు ముందు కావలసింది పరీక్షా, పాఠమా?

చర్చాంశం: ఒకటి, రెండు తరగతుల్లో చదవడంలో వెనుకబడిన ప్రతి ఒక్కరికీ డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం) పరీక్ష తప్పనిసరి చేయాలా?

తల్లి, విజయవాడ:
చేయాలనే నా అభిప్రాయం. మా అబ్బాయి విషయంలో నాలుగో తరగతి దాకా "శ్రద్ధ లేదు", "ఆటల మీదే ధ్యాస" అన్న మాటలే విన్నాం. నోటితో చెబితే చకచకా చేసే లెక్కనే పుస్తకంలో వాక్యంగా చూపిస్తే పిల్లవాడు దిక్కులు చూసేవాడు. అయినా బడిలో ఎవరికీ అనుమానం రాలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం కింద డిస్లెక్సియా కూడా ఉంది. ఎవరో ఒకరు పరీక్షించకపోతే ఆ గుర్తింపు పిల్లవాడి దాకా ఎలా వస్తుంది? పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం కావాలన్నా, జవాబులు రాసిపెట్టే మనిషి కావాలన్నా ముందు ధ్రువపత్రమే అడుగుతారు.

ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా:
మీ అబ్బాయికి జరిగిన ఆలస్యం ఏ పిల్లవాడికీ జరగకూడదండీ. అయినా పరీక్షనే మొదటి మెట్టుగా పెట్టడం నాకు సమ్మతం కాదు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఈ వైకల్యానికి ధ్రువపత్రం ఎనిమిదేళ్ళు వచ్చాకే ఇవ్వాలన్నాయి. చదవడం నేర్పవలసిన అసలు కాలం అప్పటికే గడిచిపోతుంది. పైగా మా పాలమూరు ప్రాంతంలో రెండో తరగతి గదిలోకి వచ్చి చూస్తే కారణాలు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటాయి. తండా నుంచి వచ్చే పాప ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, బడి తెలుగు ఆమెకు కొత్త. ఇంకొకరు తల్లిదండ్రుల వెంట వలస వెళ్ళి నెలల తరబడి బడికే రాలేదు. మరొకరికి బోర్డు మీది అక్షరం మసకగా కనిపిస్తుంది. వీళ్ళందరినీ ఒకే పరీక్షకు కూర్చోబెడితే, మనం నేర్పకపోవడం వల్ల వచ్చిన లోటును కూడా పిల్లల లోపంగానే రాసుకుంటాం.

ఎవరికి చదవడం రాలేదో గుర్తించడానికి నిపుణులే రానక్కరలేదు. పాఠం గడగడా అప్పజెప్పే పిల్లవాడి పుస్తకంలో బొమ్మను చేత్తో మూసి, మూడో వరుస మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి అడగండి. కంఠస్థం చేసినవాడు మళ్ళీ మొదటి వాక్యం నుంచి అందుకుంటాడు. తర్వాత "కిమడు", "లోపిత" వంటి అర్థం లేని పదాలు రాసి చదివించండి. అక్కడ జ్ఞాపకశక్తి ఆదుకోదు కాబట్టి గుణింతం ఎంత వచ్చిందో తేలిపోతుంది. ఇంగ్లీషు వెబ్‌సైట్లలో చెప్పే "బి, డి" (b, d) అక్షరాల తారుమారును మన పిల్లల్లో వెతకడం కన్నా మ–య, ప–వ–ష తడబాటును, కి–కీ తేడాను, అన్నిటికన్నా ముఖ్యంగా ఒత్తులను చూడాలి. త, న, మ, య, ర, ల ఒత్తులకు వాటి అసలు అక్షరాలతో పోలికే ఉండదు. గుణింతాలన్నీ సరిగ్గా చదివి, "పుస్తకం" దగ్గర ఆగిపోయే పిల్లలను ప్రతి టీచరూ చూసే ఉంటారు.

పిల్లల చదువుపై పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాడే అక్షరం, పదం, పేరా, కథ అనే మెట్ల పద్ధతిలో ఎవరు ఎక్కడున్నారో చూసి, తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి చిన్న జట్లుగా కూర్చోబెట్టి రోజూ చదివించాలి. ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమాన్ని మనసుపెట్టి అమలు చేసినా చాలామంది పిల్లలు గట్టెక్కుతారు. అప్పటికీ కదలని పిల్లలను పరీక్షకు పంపుదాం.

ప్రత్యేక అవసరాల పిల్లల టీచరు, విశాఖపట్నం:
సారు చెప్పిన పద్ధతి మంచిదే గానీ, అందులో ఒక రకం పిల్లలు దొరకరు. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో కొందరు పెద్దగా తప్పులు లేకుండానే చదువుతారు, కానీ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చాలా నెమ్మదిగా చదువుతారు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. తప్పులు మాత్రమే లెక్కపెట్టే టీచరుకు వాళ్ళు బాగా చదివేవాళ్ళలాగే కనిపిస్తారు, ఐదో తరగతి పాఠాలు పొడుగయ్యాక కుప్పకూలుతారు. అందుకని చదవడానికి పట్టిన సమయం కూడా రాసుకోవాలి. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలు, ఇంట్లో మరొకరికి ఇదే ఇబ్బంది ఉన్న పిల్లల విషయంలో ఎదురుచూడటం అన్యాయం. ఐదు తరగతులకూ ఒకే టీచరున్న బడిలో "కొంతకాలం చూద్దాం" అన్న మాటకు గడువంటూ ఉండదు.

ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా:
వేగం సంగతి పూర్తిగా అంగీకరిస్తున్నానండీ. గడువు కూడా పెట్టుకుందాం. జూన్‌లో బడి తెరిచాక మొదట కళ్ళు, చెవులు చూపించాలి. ఇందుకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందం ఉంది. రోజూ చదివించినా దసరా సెలవుల నాటికి మార్పు లేకపోతే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం రిసోర్స్ పర్సన్‌కు చూపించాలి. మాటలు ఆలస్యంగా రావడం, ఇంట్లో మరొకరికి ఇదే ఇబ్బంది ఉండటం అని మీరు చెప్పిన రెండు గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్న పిల్లలనైనా దసరా దాకా ఆపకుండా ముందే పంపుదాం. పరీక్ష ఫలితం వచ్చేదాకా జట్టులో చదివించడం మాత్రం ఆపకూడదు. నా పట్టుదలంతా ఆ ఒక్క విషయం మీదే.

విజయవాడ అమ్మగారికి ఒక మాట. ధ్రువపత్రం పని పదో తరగతి దాకా ఉంచకండి, కాగితాలకు చాలా కాలం పడుతుంది. ఈలోగా సైన్సు, సాంఘిక శాస్త్రం పాఠాలు మీరే చదివి వినిపించి, జవాబులు నోటితో చెప్పించండి. చదవడం నెమ్మదిగా ఉన్నంత మాత్రాన ఆ సబ్జెక్టుల్లో అతను వెనుకబడనక్కరలేదు.