పర్లాకిమిడి పెంకుటిల్లు: గాలివాన రాత్రుల్లో అమ్మ నిశ్చింతగా పడుకోవాలంటే ఏం చేయాలి?

మహేంద్రతనయ ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. తాతగారి నాటి మట్టిగోడల పెంకుటిల్లు. ముందు అరుగు, లోపల పెద్దగది, దేవుడి గది, వెనక వంటిల్లు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. నా ఉద్యోగం భువనేశ్వర్‌లో.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అక్కడికి మేమెంతో దూరం కాదు. వంటింటి పెంకులు వరసకు వరస లేచిపోయాయి. అమ్మా నాన్నా దేవుడి గదిలో, బియ్యం డబ్బాల పక్కన, నెత్తిన చెరో పీట పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నారు. అప్పటినుంచి దసరా దగ్గర పడుతోందంటే అమ్మకు టెన్షన్. టీవీలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, మంచం గుమ్మం దగ్గరికి లాక్కుని, కాళ్లకు చెప్పులు వేసుకునే పడుకుంటుంది.

అన్నయ్య మొత్తం పడగొట్టి స్లాబు ఇల్లు కడదామంటున్నాడు. అమ్మ ససేమిరా అంటోంది. "ఎండాకాలం మధ్యాహ్నం నడుం వాల్చడానికి ఈ ఇంటిని మించింది ఏముందిరా?" అంటుంది. అదీ నిజమే. ఆ ఇంట్లో పడుకుంటే నాకూ అలాగే హాయిగా నిద్ర పడుతుంది. పాత ఇల్లు ఉంచుకుంటూనే భయం లేకుండా పడుకునే గది ఒక్కటి చేసుకోవచ్చా? మట్టిగోడల మీదే స్లాబు వేసేయొచ్చని ఊళ్లో ఒకాయన అంటున్నారు. వేయొచ్చా?

బరంపురం మేస్త్రి:

మట్టిగోడ మీద స్లాబు మాత్రం వేయించకండి బాబూ. ఆ బరువు అది మోయలేదు. పైగా అడుగున నీరు చేరి గోడ నానిందంటే స్లాబుతో సహా మీద పడుతుంది.

పెరట్లో జాగా ఉంటే వేరే పునాది తీయించండి. నాలుగు మూలలా పిల్లర్లు, పునాది మీద చుట్టూ ఒక కాంక్రీటు బెల్టు, ద్వారబంధాల పైన ఇంకో బెల్టు వేసి, పది బై పన్నెండు గది చాలు. పాత గోడకు ఆనించొద్దు. వంటింటి తలుపు తీయగానే రెండడుగుల్లో ఆ గది గుమ్మం ఉండాలి. లెట్రిన్ కూడా గదిలోంచే పెట్టించండి. అంత గాలిలో పెద్దావిడ బయటికి వెళ్లాల్సి వచ్చేది దానికోసమే.

ఇక పాత ఇల్లు. తిత్లీ తర్వాత నేను రిపేరు చేసిన ఇళ్లలో చాలావాటికి దెబ్బ చూరు దగ్గరే మొదలైంది. గాలి చూరు కింద దూరి పైకెత్తుతుంది, అదే సమయంలో పైనుంచి పీల్చేస్తుంది. చూరు గోడ దాటి అడుగున్నర మించి ఉండకూడదు. చూరు వరసలు, కొప్పు పెంకులు సిమెంటుతో బిగించండి. రేకుల పంచ ఉంటే మేకులు పీకేసి, వాషర్లు వేసి జె బోల్టులు (కొక్కెంలా వంగిన బోల్టులు) పెట్టించండి.

గోపాల్‌పూర్ వాసి:

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మా ఊరి దగ్గరే తీరం దాటింది. ఒక్క మాట మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి. తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, నెత్తి మీదుగా వెళితే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అయిపోయిందనుకుని తలుపు తీయకూడదు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే జోరుగా కొడుతుంది. అందుకే గదికి అన్ని వైపులా కిటికీలకు గట్టి గడియలు పెట్టించండి.

మాలాంటి సముద్రం ఒడ్డువాళ్లకు గది ఎంత గట్టిదైనా ఉప్పెన వస్తే లాభం లేదు. షెల్టర్‌కు వెళ్లమంటే వెళ్లాల్సిందే. మీకు ఉప్పెన భయం లేదు గానీ ఏరు పొంగుతుంది. ఇల్లు పల్లంలో ఉంటే గచ్చు ఎత్తు చేయించండి.

రాయగడ అక్క:

తమ్ముడూ, గది కట్టినంత మాత్రాన అమ్మగారికి నిద్ర పట్టదు. మా బంధువులింట్లో ఇలాగే కట్టించారు. ఏడాది తిరిగేసరికి అందులో ఉల్లిపాయల బస్తాలు, పాత ఫ్యాను, విరిగిన కుర్చీలు చేరాయి. గాలి వచ్చిన రాత్రి పెద్దావిడను తీసుకెళ్లి వాటి మధ్య పడుకోబెడితే ఆమె కళ్లు మూస్తే ఒట్టు. కొత్త చోటు మరి.

శ్రావణం నుంచి కార్తీకం వెళ్లేదాకా రోజూ రాత్రి ఆ గదిలోనే పడుకోమనండి. ఆమె మంచం, ఆమె దుప్పటి, నీళ్ల చెంబు, టార్చి, అన్నీ అక్కడే ఉండాలి. ఎండాకాలం ఎలాగూ స్లాబు రాత్రంతా వేడి కక్కుతుంది, అప్పుడు పెంకుటింట్లోనే హాయి. అమ్మగారు అన్నదాంట్లో తప్పేం లేదు.

మహేంద్రతనయ ఒడ్డు:

అందరి మాటలూ అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఒప్పుకుంది. మంచం మీంచి తులసికోట కనపడేలా కిటికీ పెట్టించాలట. అన్నయ్య కూడా సరేనన్నాడు. మేస్త్రి గారూ, పెరట్లో పెద్ద పనస చెట్టు ఉంది. కొట్టించడం మాకెవరికీ ఇష్టం లేదు. కొమ్మలు తీయిస్తే సరిపోతుందా?

బరంపురం మేస్త్రి:

చెట్టు ఎంత ఎత్తుంటే అంత దూరంలో కట్టుకుంటే నయం. అంత జాగా లేకపోతే గది వైపు వాలిన కొమ్మలు వానలకు ముందే తీయించండి. పునాది తవ్వేటప్పుడు పెద్ద వేళ్లు మాత్రం నరకనివ్వకండి, పట్టు పోయి చెట్టే పడుతుంది. వానలు పూర్తిగా తగ్గాక పని మొదలుపెట్టండి. దానికి ముందు పెరడు ఫోటో ఒకటి పెట్టండి, గది ఎక్కడ వేయాలో చూసి చెబుతాను.