బారసాల బూట్లు రెండూ ఎడమ కాలికే వచ్చాయి, ఇప్పుడెట్టా?

కావలి మిషనమ్మ

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. చేతులు కొత్తగా సూది పట్టినవేమీ కావు. అయినా ఒక చిట్టి బూటు ముందు ఓడిపోయి కూర్చున్నాను.

మా అక్క కూతురికి నెల్లూరులో ఆడపిల్ల పుట్టింది. 21వ రోజున బారసాల. ఇంకా 11 రోజులే ఉంది. ముందే మొదలుపెట్టి ఉండాల్సింది అంటారేమో, మా ఇంట్లో బిడ్డ నేల మీద పడేదాకా కొత్తగుడ్డకు కత్తెర పెట్టరు. అమ్మ పెట్టిన పద్ధతి. అమ్మ నిరుడు పోయింది, పద్ధతి మాత్రం ఉంది.

అమ్మది ఒక వెంకటగిరి నూలు చీర నా దగ్గరుంది. లేత పసుపు, సన్న జరీ అంచు. కట్టీ కట్టీ కుచ్చిళ్ల దగ్గర చివికిపోయింది. పైట చెంగు మాత్రం ఇంకా బాగుంది. దాంతో బిడ్డకు బూట్లు కుడదామని, వచ్చిన ఆడవాళ్లకు తాంబూలం పెట్టి ఇవ్వడానికి ముప్పై గుడ్డ సంచులు కుడదామని అనుకున్నాను. ప్లాస్టిక్ కవర్లో తాంబూలం ఇస్తే నాకెందుకో కూరగాయలు ఇచ్చినట్టు ఉంటుంది.

మొదటి తంటా: కాగితం మీద అడుగు గీసుకుని, గుడ్డ మీద పెట్టి ఒకటి కత్తిరించాను, మళ్లీ పెట్టి ఇంకోటి కత్తిరించాను. కుట్టి తిప్పి చూస్తే రెండూ ఎడమ కాలివే. మా ఆయన చూసి, "రెండు కాళ్లూ ఒక్కవైపే నడుస్తాయి, తప్పిపోదు" అన్నాడు. ఆయనకేం, నవ్వుతాడు.

రెండోది: ఈ గుడ్డ మరీ పలచన. మిషను కింద జారిపోతా ఉంది, కుట్టు వెంబడి ముడతలు పడుతున్నాయి, రెండుసార్లు ప్లేటు బెజ్జంలోకి లాక్కుపోయింది. తొక్కుడు మిషనే, మోటారు లేదు.

మూడోది: నమూనాకు ఒక సంచి కుట్టి కొబ్బరికాయ వేసి చూశాను. అడుగున తిత్తిలాగా జారి వేలాడింది. పైగా సంచులకని కొన్న ఆ గుడ్డ కాటన్ అని చెప్పి ఇచ్చారు. అనుమానం వచ్చి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాలిస్తే, బూడిద కాకుండా నల్లగా ముద్దకట్టింది. ఏ షాపో చెప్పను గానీ, మీరు కొనేటప్పుడు ఒక పోగు కాల్చి చూసుకోండి.

నాలుగోది కుట్టుకు సంబంధించింది కాదు. ఫోన్లో అక్కకు చెబితే, "అమ్మ చీర కాళ్లకా?" అని ఒక్క మాట అని పెట్టేసింది. అప్పటినుంచీ మనసు మనసులో లేదు.

ఒంగోలు టైలర్ (దుకాణం మూసేశాను, చెయ్యి మూయలేదు)

అమ్మా, రెండు ఎడమ కాళ్లు కుట్టనివాడు టైలరే కాదు. నేను మొదట్లో ఒక పెళ్లికొడుకు చొక్కాకు రెండు కుడి చేతులు పెట్టాను.

జాకెట్ చేతులు కత్తిరించేటప్పుడు గుడ్డ మడత మీద పెడతారు కదా, ఇదీ అంతే. మంచి వైపు లోపలికి వచ్చేట్టు మడిచి, రెండు పొరలూ కలిపి ఒకేసారి కత్తిరిస్తే ఒకటి కుడి, ఒకటి ఎడమ దానంతటదే వస్తుంది. లోపలి అస్తరు కూడా అట్నే. ఇంకో మాట, ఇంత చిన్న పాదానికి కుడి ఎడమల వంపు అక్కర్లేదు. కోడిగుడ్డు ఆకారంలో, వేళ్ల వైపు కొంచెం వెడల్పు, మడమ వైపు కొంచెం సన్నం పెట్టి గీయండి. ఏ కాలికైనా పడుతుంది. తప్పు చేద్దామన్నా కుదరదు.

ఇక జారడం. వెంకటగిరి నూలు 100 నంబరుది (నూలుకు నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం), అంత సన్న పోగుకు మీరు జాకెట్లకు వాడే 14 నంబరు సూది పెడితే లాక్కుపోక ఏంచేస్తుంది? 11 నంబరు పెట్టండి, కొత్త సూది. కత్తిరించే ముందు గుడ్డకు చిక్కటి గంజి పెట్టి, సగం తడి మీద ఇస్త్రీ చేయండి, కాగితంలా నిలబడుతుంది. అయిపోయాక ఉతికితే గంజి పోతుంది. అప్పటికీ ముడత పడితే అడుగున తెల్ల కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. న్యూస్ పేపర్ పెట్టొద్దు, సిరా అంటుతుంది. పైదారం టెన్షన్ కొంచెం వదులు చేయండి, మీ టెన్షన్ కూడా.

వంపు దగ్గర పాదాలతో తొక్కొద్దు. చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టు వేయండి. అంతకుముందే అడుగు ముక్కకు, పై ముక్కకు ముందు మధ్య, వెనక మధ్య చాక్‌తో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తులు కలిపి గుండుసూదులు గుచ్చాలి. చాలామంది ఒక చివర మొదలుపెట్టి కుట్టుకుంటూ పోతారు, చివరికి పై ముక్క అర ఇంచు మిగిలి ముక్కు వంకరపోతుంది. కుట్టాక వంపు చుట్టూ మార్జిన్‌లో, అంటే కుట్టు బయట మిగిలిన గుడ్డకు, చిన్న చిన్న గాట్లు పెట్టండి, దారం తెగకుండా. గాట్లు లేకపోతే తిప్పినప్పుడు బూటు కాదు, బజ్జీ వస్తుంది.

కాలర్లు బిగుసుకోవడానికి వేసే గట్టి గుడ్డ, బక్రం, వేయొద్దు. పసిబిడ్డ పాదానికి అట్ట కట్టినట్టు ఉంటుంది.

వార్డు సిస్టర్, నెల్లూరు

కుట్టు నాకు రాదు, పిల్లల వార్డులో పని చేస్తాను కాబట్టి రెండు ముక్కలు. దయచేసి ముత్యాలు, పూసలు, గుండీలు, గజ్జెలు ఏవీ పెట్టొద్దు. అందం కోసం పెడతారు, ఊడితే నేరుగా నోట్లోకి. మూడేళ్లలోపు పిల్లల దగ్గర అట్లాంటివి ఉండకూడదు.

రెండోది చాలామందికి తెలియదు. బూటు లోపల ఒక్క దారం పోగు వదులుగా ఉన్నా అది వేలికి చుట్టుకుంటుంది. బిడ్డ ఏడుస్తుంది, ఎందుకో తెలియదు, మనం పాలు పడతాం, ఊపుతాం. విప్పి చూసేసరికి వేలు వాచి ఎర్రగా ఉంటుంది. కాబట్టి లోపలి కుట్లన్నీ అస్తరు కిందకు పోవాలి. కుట్టాక మీ చూపుడువేలు లోపల పెట్టి తిప్పి చూడండి, ఏది తగిలినా కత్తిరించండి. ఎలాస్టిక్ కూడా చర్మం మీద గీత పడేంత బిగువు వద్దు.

కొలత: పుట్టిన బిడ్డ పాదం 8 సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. మీరు అంతకే కుడితే బారసాల ఫొటోకు తప్ప పనికిరాదు. లోపల 10 సెంటీమీటర్లు ఉండేట్టు చూడండి, మూడు నాలుగు నెలలు తొడుగుతారు. నడక వచ్చేటప్పుడు మాత్రం ఇంట్లో ఉత్త కాళ్లే మంచిది. ఇట్లాంటి గుడ్డ బూట్లు నున్నటి బండల మీద జారతాయి.

కావలి మిషనమ్మ

టైలర్ గారూ, బజ్జీ మాటకు ఇంట్లో అందరం నవ్వాం. నిజంగానే నా మొదటి బూటు అట్నే ఉంది. సిస్టర్ గారూ, మంచి పని చేశారు, నేను ముక్కు మీద రెండు ముత్యాలు కుట్టి పెట్టాను. ఇప్పుడే పీకేశాను. అక్క సంగతి ఎవరూ చెప్పలేదు.

పొదిలి పెద్దమ్మ

నేను చెబుతాను. అమ్మాయ్, బిడ్డ పుట్టగానే దేంట్లో చుట్టారు? పొత్తిగుడ్డల్లో. ఆ పొత్తిగుడ్డలు ఎక్కడివి? అమ్మమ్మవో నాయనమ్మవో పాత నూలు చీరలు. ఆ గుడ్డల మీద బిడ్డ ఏమేం చేస్తుందో నేను చెప్పాలా? దానికి లేని తప్పు కాలికి తొడిగితే వచ్చిందా? నా చీరలు ఎనిమిది మంది పిల్లల కింద నలిగాయి. ఇంకా నేను బతికే ఉన్నాను, చీరలే పోయాయి.

జరీ మాత్రం లోపలికి రానీకు, గీసుకుంటుంది. ముందు ముక్క పైన ఒక్క వరుస కనపడేట్టు పెట్టు, చాలు.

దర్శి నుంచి ఒకడు

పెద్దమ్మ మాట సరే గానీ, చీర మీ ఒక్కరిదే కాదు కదండీ. మీ అక్కకు కూడా ఆమె అమ్మే. మా అన్నదమ్ముల మధ్య నాన్న గడియారం దగ్గర ఇట్లాగే వచ్చింది, మాట్లాడుకోక ఆరేళ్లు. ఇంకోసారి ఫోన్ చేసి, కుట్టాలా వద్దా అని అడగండి. కుట్టాక చెప్పడం వేరు, అడిగి కుట్టడం వేరు.

సంచుల అబ్బాయి, కందుకూరు

అక్కా, మా అమ్మ, నేను పెళ్లిళ్లకు తాంబూలం సంచులు కుట్టిస్తాం, లెక్క నా దగ్గర తయారుగా ఉంది. కోరా గుడ్డ (చలువ చేయని నూలు గుడ్డ) తీసుకోండి, 44 ఇంచుల పన్నాది, అంటే వెడల్పుది. ముందు ఒక రాత్రి నానబెట్టి ఆరేయండి. ఈ పని మానేస్తే మొదటి ఉతుకుకే సంచి కుంచించుకుపోతుంది.

ఒక్కో సంచికి ఒకే ముక్క, 11 ఇంచుల వెడల్పు, 27 ఇంచుల పొడవు. అడుగున మడత వస్తుంది కాబట్టి అక్కడ జాయింటు ఉండదు, విడిపోయే భయం లేదు. పన్నాకు సరిగ్గా నాలుగు వస్తాయి. ఎనిమిది వరుసలు కత్తిరిస్తే 32 సంచులు, దానికి ఐదున్నర మీటర్లు. పట్టీలు 14 ఇంచుల పొడవు, 3 ఇంచుల వెడల్పు, సంచికి రెండు. అన్నిటికీ కలిపి ఏడు మీటర్లు దాటుతుంది, కుంచించుకుపోయేది కూడా చూసుకుని ఎనిమిది తీసుకోండి. రెండు సంచులు ఎక్కువ వస్తాయి, చెప్పకుండా వచ్చే చుట్టాలకు.

మీది తిత్తిలాగా వేలాడింది అడుగు లేకపోవడం వల్ల. పక్క కుట్లు వేశాక, సంచి తిరగేసి ఉన్నప్పుడే, కింద మూలను లాగి పక్క కుట్టు మధ్యలోకి వచ్చేట్టు త్రికోణంలా చదును చేయండి. కొన నుంచి ఒకటిన్నర ఇంచు లోపలికి, అడ్డంగా 3 ఇంచుల గీత గీసి దాని మీద కుట్టండి. రెండు మూలలూ అట్టా చేస్తే 3 ఇంచుల అడుగు వస్తుంది, సంచి నిలబడుతుంది. కొబ్బరికాయ దానిలో కూర్చుంటుంది. ఇంకా గట్టిగా కావాలంటే, పక్క కుట్లు వేయకముందే మడత వచ్చే చోట లోపల ఇంకో ముక్క వేసి కుట్టేయండి.

పట్టీ అతికించే చోట నలుచదరంగా కుట్టి మధ్యలో ఇంటూ మార్కు వేయాలి. బరువంతా అక్కడే. ఇక్కడికి 16 నంబరు సూది.

తాంబూలంలో నానబెట్టిన శనగలు పెడతారు కదా, అవి విడిగా కవర్లో కట్టండి. మేము ఒకసారి మర్చిపోయాం, ఫంక్షన్ అయ్యేసరికి సంచులన్నిటికీ అడుగున పసుపు కుంకుమ కలిసి నారింజ రంగు మరక. ఆ పెళ్లివాళ్లు ఇప్పటికీ కనపడితే నవ్వుతారు.

కావలి మిషనమ్మ

బారసాల మొన్న అయింది. ఎట్టా జరిగిందో రాయకపోతే బాగుండదని వచ్చాను.

దర్శి తమ్ముడి మాట చదివిన రాత్రే అక్కకు ఫోన్ చేశాను. కుట్టమంటావా, వద్దంటావా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పైన పెట్టుకో. అడుగుకు మాత్రం అమ్మ చీర పెట్టొద్దు, నాన్న పంచె పెట్టు" అంది. నాన్న పక్కనే కూర్చుని వింటున్నాడు. ఎనభై దాటాయి, చెవులు మాత్రం ఇంకా పాము చెవులే. "తొక్కనీలే, ఇప్పుడప్పుడే నడిచేది లేదుగా" అన్నాడు. పాత పంచె ఒకటి ఆయనే తెచ్చి ఇచ్చాడు.

గంజి పెట్టిన గుడ్డ నిజంగానే మాట విన్నది. కోడిగుడ్డు అడుగు గీశాను, నాలుగున్నర ఇంచులకు కత్తిరిస్తే కుట్టాక నాలుగు వచ్చింది. మడమ వెనక అంగుళం ఎలాస్టిక్. గాట్లు పెట్టి తిప్పాను, బజ్జీ కాలేదు. ముక్కు మీద సన్న జరీ గీత ఒక్కటే. వేలు పెట్టి లోపలంతా తడిమితే రెండు పోగులు దొరికాయి, సిస్టర్ గారూ, నేను శుభ్రంగా కుట్టాననుకున్న చోటే.

సంచులు 32 అయ్యాయి. నాలుగు రాత్రులు పట్టింది. మూడింటికి పట్టీ మెలిక పడింది, అవి మా వాళ్లకే ఇచ్చాను. చెప్పకుండా వచ్చినవాళ్లు ఇద్దరు కాదు, ఐదుగురు. ఆ ముగ్గురికీ ప్లాస్టిక్ కవరే గతి అయింది.

బిడ్డ ఉయ్యాల్లో వేసిన పది నిమిషాలకు ఒక బూటు తన్నేసింది. అందరం వెతికితే నాన్న ఒళ్లో ఉంది, ఆయన తీసి పెట్టుకున్నాడు.

ఆ రెండు ఎడమ కాళ్లు ఉన్నాయి కదా. ఒకదాంట్లో దూది కూరి సూదులు గుచ్చుకోవడానికి మిషను మీద పెట్టుకున్నాను. రెండోది అక్క అడిగి తీసుకుపోయింది. ఎందుకని నేను అడగలేదు.