ఇంటి ఆచారం పిల్లాడు కాదంటే బలవంతం చెయ్యాలా?

గంట్యాడ కోడలు:
మాది విజయనగరం దగ్గర పల్లె. పైడితల్లమ్మ జాతరలో పూజారిని పొడవాటి మాను మీద కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను మంగళవారం అయితే, ముందురోజు తొలేళ్లు అనే వేడుక, ఆ రాత్రి పూజారి రైతులకు విత్తనాలు పంచుతారు. మా ఇంట్లో పెద్దకొడుకు ఆ రోజంతా ఉపవాసం ఉండి ఆ గింజలు తేవాలి, దాచి తొలకరికి మా విత్తనంలో కలపాలి. మావయ్య తెచ్చారు, తర్వాత మా ఆయన. ఇప్పుడు మా బాబు వంతు, ఇంటర్ రెండో ఏడు. "నాకు నమ్మకం లేదమ్మా, ఉన్నట్టు నటించి అక్కడ నిలబడలేను" అన్నాడు. అప్పటినుంచి మావయ్య వాడితో మాట్లాడటం లేదు. ఎవరి పక్షం ఉండాలో తెలియక నాకు ఒకటే టెన్షన్.

ఆమదాలవలస:
పంపించండమ్మా. ఇందులో వాణ్ని అడిగేదేముంది? సిరిమాను మీద కూర్చునే పూజారిది కూడా వంశపారంపర్యమే కదా, అంత ఎత్తున చింతమాను మీద కూర్చోవడం ఇష్టమా అని ఆ ఇంట్లో ఒక్కో తరాన్నీ అడుగుతూ కూర్చుంటే పండగ మనదాకా వచ్చేదా? నా సంగతే చెప్తాను. అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో మార్చి, అక్టోబరుల్లో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకే రోజుల్లో మా నాన్న తెల్లవారుజామున మూడింటికే లేపి చన్నీళ్లు పోసేవారు, నాకు నిద్రమత్తు తప్ప భక్తి ఏ కోశానా లేదు. నాన్న పోయిన ఏడాది నన్నెవరూ లేపలేదు, నేనే లేచి వెళ్లాను. అనివెట్టి మండపం లోంచి వచ్చిన ఆ వెలుతురు పాదాల మీద పడుతుంటే ఏడుపు ఆగలేదు. ముందు అలవాటు చెయ్యండి, నమ్మకం తర్వాత అదే వస్తుంది.

టెక్కలి:
ఆమదాలవలస గారూ, మీకు వచ్చింది, సంతోషం. రానివాళ్లు కూడా ఉన్నారు, వాళ్లెవరూ ఇక్కడికి వచ్చి రాయరు. మాది కెనడా మిషనరీల కాలం నుంచీ బాప్టిస్టు కుటుంబం. మా సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, మనిషి తనంతట తాను నమ్మి ఒప్పుకున్నాకే నీళ్లలోకి దిగాలి. అంత స్పష్టమైన నియమం ఉన్నా మా ఇంట్లో ఏం జరిగింది? నలుగురిలో పరువు పోతుందని మా నాన్నే తమ్ముడి తరఫున తారీఖు ఖాయం చేసేశారు. నీళ్లలోంచి లేచినప్పుడు వాడి మొహం ఇప్పటికీ మర్చిపోలేను, నాన్న వైపు చూశాడు గానీ పాస్టరు గారి వైపు చూడలేదు. ఈరోజు వాడు చర్చికి రాడు, క్రిస్మస్‌కి ఇంటికీ రాడు. మాట వినడం నేర్పాం, నమ్మడం నేర్పామనుకున్నాం. మీ బాబు నటించలేనన్నాడంటే అమ్మవారిని తేలిగ్గా తీసుకోలేదనే నాకు అనిపిస్తోంది. అయినా ఆ గింజలు ఎందుకు తేవాలో వాడికి ఎవరైనా చెప్పారా?

గంట్యాడ కోడలు:
టెక్కలి గారూ, చెప్పలేదు. నాకే తెలియదు, పెళ్లయి ఇరవై ఏళ్లు. నిన్న రాత్రి మావయ్యని అడిగాను. ఆయన చిన్నప్పుడు ఒక కరువు ఏడాది ఇంట్లో విత్తనం వడ్లు కూడా దంచుకుని తినేశారట. తొలేళ్లకి తెచ్చిన గుప్పెడు గింజలు మాత్రం వాళ్లమ్మ చీర కొంగులో ముడేసి, పిల్లలు ఏడ్చినా విప్పలేదట. తొలకరికి చల్లడానికి మిగిలింది అదేనట. చెప్తూ చెప్తూ ఆయన గొంతు పట్టేసింది. బాబు గడప అవతలే కూర్చుని విన్నాడు, "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం తాతా?" అన్నాడు. "మా నాన్నని నేనూ అడగలేదురా" అన్నారు మావయ్య.

వెళ్తానని వాడు అనలేదు, నేనూ అడగలేదు. పొద్దున్న మావయ్య పాత పంచె చింపి గింజలకి కొత్త మూటగుడ్డ కుట్టుకుంటున్నారు. కళ్లు ఆనక సూదిలోకి దారం ఎక్కకపోతే బాబే ఎక్కించి ఇచ్చాడు. ఈసారి నేనే వెళ్తానంటున్నారు మావయ్య. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఆ జనంలో ఒక్కరినీ పంపలేను, ఉపవాసం ఉండి నేనూ వెంట వెళ్తాను.