బాక్సింగ్ స్పారింగ్‌లో (ప్రాక్టీస్ ఫైట్‌లో) కాళ్లు కదలట్లేదు, ఏం చేయాలి?

కొత్తగ్లవ్స్:
మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది, హైదరాబాద్‌లో. బరువు 64 కిలోలు. షాడో (ఒక్కడినే గాల్లో గుద్దులు) చేస్తుంటే కాళ్లు బ్రహ్మాండంగా ఆడతాయి, అద్దంలో చూసుకుని మురిసిపోతా. స్పారింగ్‌కి దిగితే మాత్రం సిమెంట్ పోసినట్టే. ఎదుటివాడు రెండు జాబ్‌లు (ముందు చేతి గుద్దులు) వేస్తే తిన్నగా వెనక్కి, ఇంకో రెండు వేస్తే వీపుకి రోప్స్. నిన్న మూడు రౌండ్లూ అక్కడే గడిచాయి. జిమ్‌లో ఒకన్న "స్టాన్స్ మార్చి చూడు" అన్నాడు, అంటే ముందుండే కాలు వెనక్కి, వెనక కాలు ముందుకి. మార్చా, ముక్కు మీద పడింది. యాంగిల్స్ ఎలా ప్రాక్టీస్ చేస్తారు మీరంతా?

వైజాగ్_కార్నర్:
తమ్ముడూ, స్టాన్స్ మార్చడం ఇప్పుడు పక్కన పెట్టు. రెండడుగులు వెనక్కి వేస్తే తప్పులేదు, మూడోది పక్కకి పడాలి. పక్కకి అంటే గజం దూరం గెంతడం కాదు. నువ్వు జరిగాక నీ ముందు కాలి వేళ్లు అతని ఛాతీ వైపు ఉండాలి, అతని వేళ్లు నువ్వు ఇందాక నిలబడ్డ చోటు వైపే ఉండాలి. యాంగిల్ అంటే అంతే, అరడుగు చాలు.

మేం నేల మీద టేపుతో ప్లస్ గుర్తు వేసుకునేవాళ్లం. ఎడమ పాదం మధ్యలో పెట్టి జాబ్ వేసి, అదే పాదం మునివేళ్ల మీద తిరుగుతూ, కుడికాలిని వెనగ్గా ఎడమవైపుకి ఊడ్చినట్టు తేవాలి. 45 డిగ్రీలు చాలు. ఒక్క మాట, అతనూ నీలాగే ఆర్థడాక్సే (ఎడమకాలు ముందు) అయితే అటువైపే అతని కుడిచెయ్యి కాచుకుని ఉంటుంది. జాబ్ వేసిన చెయ్యి చెంప దగ్గరికి రాకముందే తిరిగావా, అయిపోయావు.

ఇందూరు_పిల్ల:
నిఖత్ జరీన్ అక్క 2022ల ఇస్తాంబుల్‌ల వరల్డ్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు నేను గ్లవ్స్ కొన్న. నాక్కూడ ఇదే బాధ ఉండె. కాళ్లు ఒకదాన్నొకటి దాటుతుండె. బతుకమ్మ ఆడీ ఆడీ అలవాటైందని మా కోచ్ సార్ నవ్వేటోడు. ఎటు పోతున్నవో ఆ వైపు కాలే ముందు కదలాలె, రెండోది ఈడ్చుకుంట రావాలె. అట్ల అయితెనే దూరం చెడదు.

నాకు పనికొచ్చింది ఒక్కటే: ఇద్దరు జాబ్ తప్ప ఏం వెయ్యొద్దని మాట్లాడుకొని రౌండు చేసుడు. కుడిచెయ్యి భయం పోతె కాళ్లు వాటంతటవే కదుల్తయ్.

వైజాగ్_కార్నర్:
డాన్స్‌ని తీసిపారేయకమ్మా. ఉక్రెయిన్ బాక్సర్ లోమచెంకోని చిన్నప్పుడు వాళ్ల నాన్న బాక్సింగ్ ఆపించి మరీ అక్కడి జానపద నాట్యం నేర్పించాడు. తర్వాత 2008, 2012 ఒలింపిక్స్‌లో రెండు గోల్డ్‌లు.

ఇందూరు_పిల్ల:
అయితె మా సార్‌కి చెప్త ఈ ముచ్చట 😄

ఎడంచేతివాటం:
నేను సౌత్‌పాని (కుడికాలు ముందు). ఆర్థడాక్స్ వాళ్లతో ఆడితే నా కుడిపాదం, వాళ్ల ఎడమపాదం తొక్కుకుంటూనే ఉంటాయి. "నీ పాదం బయట పెట్టు" అని అందరూ చెప్తారు. ఏడాదిపాటు ఆ పాదాన్నే కిందికి చూసుకుంటూ దెబ్బలు తిన్నా. ఇప్పుడు అవతలివాడి ఛాతీ మీదే కళ్లు పెడుతున్నా. పాదం లోపల ఉండిపోయినా ఫర్వాలేదు, జాబ్ వేసి బయటపడొచ్చు.

పాతకాపు:
స్టాన్స్ గురించి. మిడిల్‌వెయిట్ ఛాంపియన్ మార్విన్ హ్యాగ్లర్ అంతటివాడు, రెండువైపులా ఆడగలిగినవాడు. 1987 ఏప్రిల్ 6న షుగర్ రే లెనార్డ్ మీద సౌత్‌పాగా కాకుండా ఆర్థడాక్స్‌గా మొదలెట్టాడు. మొదటి రౌండ్లు చేజారాయి, చివరికి స్ప్లిట్ డెసిషన్‌లో (జడ్జీలు ఇద్దరు అటు, ఒకరు ఇటు) ఓడాడు. ఎనిమిది నెలల కుర్రాడికి ఎందుకీ గొడవ?

ఎడంచేతివాటం:
అన్నా, అమెరికన్ ఛాంపియన్ టెరెన్స్ క్రాఫర్డ్ కుడిచేతివాటం వాడే, ఎక్కువగా సౌత్‌పాగానే ఆడేవాడు కదా. గెంతి మార్చడమే ప్రమాదం. గాల్లో ఉన్నప్పుడు రెండు పాదాలూ ఒకే గీత మీదకొస్తాయి, చిన్న తోపు చాలు కూలబడటానికి. గుద్దుతోపాటే మార్చాలి. కుడి క్రాస్ (వెనక చేతి తిన్నని గుద్దు) వేస్తూ కుడికాలిని కూడా దాంతోపాటే ముందుకి తెచ్చేస్తే సౌత్‌పాలోనే ఉంటావు, ఎడమచెయ్యి అప్పటికే వెనక సిద్ధంగా ఉంటుంది. పంచింగ్ బ్యాగ్ మీద రోజుకి రెండు రౌండ్లు ఇదే చెయ్యి. స్పారింగ్‌లో ఇప్పుడే వద్దు, ఇక్కడ పాతకాపు అన్నదే కరెక్ట్.

పాతకాపు:
ఒప్పుకున్నావు, సంతోషం.

కొత్తగ్లవ్స్:
అప్‌డేట్. శనివారం జాబ్ ఒక్కటే రౌండ్లు రెండు చేశాం. మూడో అడుగు పక్కకి వేయడం మొదటి రౌండంతా మర్చిపోయా. రెండో దాంట్లో గుర్తొచ్చి తిరిగితే, వాడు ఖాళీ గాల్లోకి జాబ్ వేశాడు! వాడి చెవి నా ఎదురుగా ఉంది. ఆశ్చర్యంతో గుద్దడమే మర్చిపోయా. ఇంకోసారి కుదిరింది. మూడోసారికి కనిపెట్టేశాడు, నేను తిరిగే వైపే ముందుగా అడుగేసి దారి మూసేశాడు. ఇప్పుడేం చేయాలి?

వైజాగ్_కార్నర్:
అటు తిరుగుతున్నట్టు భుజం కదిపి కుడివైపుకి పో. ముందు కుడికాలు, తర్వాత ఎడమ. కాళ్లు ఒకదాన్నొకటి దాటించకు.