శివరాత్రికి ‘శివశివా’ అన్నదెవరు?

అందరికీ నమస్కారమండి. ఒక సామెత దగ్గర మా ఇంట్లో రెండు రోజులుగా పేచీ నడుస్తోంది. తీర్పు మీరే చెప్పాలి.

‘సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదు, శివరాత్రికి శివశివా అంటూ పోతుంది.’

మాది రాజోలు వైపు. మా నాయనమ్మ దీన్ని ‘సంకురాత్రికి సంకలెత్తనియ్యదు, శివరాత్రికి శివశివా అని పోద్ది’ అనేది. మొదటి సగంతో నాకు గొడవ లేదు. చలికి రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడ్డవాడు చెయ్యి పైకెత్తితే ఉన్న కాస్త వెచ్చదనమూ పోతుంది, అంతే. నా అనుమానమల్లా రెండో సగం మీద. శివశివా అన్నదెవరు? చలా, మనమా?

మా ఆవిడ భీమవరం మనిషి. ఆవిడ ప్రకారం అనేది మనమే. ఆ రోజు తెల్లవారుజామున గోదాట్లో మునిగి పళ్ళు టకటకలాడుతుంటే శివశివా అంటామట, ఆ దెబ్బకి చలి వదిలిపోతుందట. నాకది అతకట్లేదు. ‘అంటూ పోతుంది’ అన్నప్పుడు పోయేది చలి అయితే అనేదీ చలే అవ్వాలి కదా.

మరి చలి శివశివా అని ఎందుకంటుంది? పెత్తనం కొడుకుల చేతికిచ్చేసిన పెద్దవాళ్ళని మన వైపు ‘కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక నీకెందుకీ గొడవలు’ అంటారు. నాకు ఈ సామెతలో ఆ మనిషే కనిపిస్తాడు. సంక్రాంతికి ఊరందరి చేతులూ కట్టేసినంత పెత్తందారు, నెల తిరిగేసరికి ఎవరూ లెక్కచెయ్యక, శివశివా అనుకుంటూ చేతికర్ర పట్టుకుని వీధి చివరికి వెళ్ళిపోతున్నాడు. పారిపోవడం కాదు, ముసలితనం. మీ ఊళ్ళలో ఎలా అంటారో చెప్పండి. (కొత్తగా చేరినవాళ్ళకి: ఇక్కడ ఊరి పేరే మనిషి పేరు.)

పాలకొల్లు మాస్టారు:
కర్త విషయంలో మీ పక్షమే. ‘అంటూ’ శత్రర్థకం (జరుగుతున్న పని), ‘అని’ క్త్వార్థకం (ముందు జరిగిన పని). రెండింటికీ ప్రధానక్రియతో కర్త ఒకటే ఉండాలన్నది సూత్రం. కానీ ‘వానలు పడి చెరువు నిండింది’ అని అందరం అంటాం, పడ్డది వాన, నిండింది చెరువు. కాబట్టి మీ ఇంటి అమ్మాయి వాదన బొత్తిగా కొట్టేయలేను.

అసలు మాట వేరే ఉందండి. సామెత కట్టినవాడు ముందు చూసుకున్నది అర్థం కాదు, అక్షరం. ‘మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు.’ ‘పుష్యమాసానికి పూసంత వేసంగి.’ శివరాత్రికి శివశివా. మాసం పేరు పట్టుకుని, దాని మొదటి అక్షరానికి జోడీ వెతికి ముడేశారు. సంక్రాంతికి చంకలు కూడా అంతే. ఛందస్సులో చ, ఛ, జ, ఝ, శ, ష, స ఒక జట్టు. అందులో దేనికి దేనితోనైనా యతి (అక్షరాల జోడీ) చెల్లుతుంది. బడి మొహం చూడని అవ్వ నోట ‘సంకు’కీ ‘సంక’కీ అసలు ఆ మినహాయింపు కూడా అక్కర్లేకపోయింది చూశారా? మనం పుస్తకం భాషలోకి మార్చి చ పెట్టాం, ఆవిడ సామెతే ఇంకా బిగువుగా ఉంది. సంక్రాంతిని ‘సంకురాత్రి’ చేసి, శివరాత్రి పక్కన కూర్చోబెట్టింది కూడా ఆ నోళ్ళే.

అందుకని ఈ ‘శివశివా’ని మరీ లోతుగా తవ్వకండి. చలి పోయే రోజుల్లో వచ్చే పండగ శ్రీరామనవమి అయ్యుంటే చలి రామరామా అంటూ పోయేది.

రాజోలు:
మాస్టారూ, అదొక్కటీ ఒప్పుకోను. అక్షరం కోసమే అయితే శివరాత్రికి ‘సెలవు తీసుకుంటుంది’ అన్నా యతి చెల్లుతుంది కదా, మీ జట్టు ప్రకారమే. సెలవు మానేసి శివశివా పెట్టారంటే ఎవరో ఆ ముసలాణ్ణి చూశారనే.

పాలకొల్లు మాస్టారు:
సరే, ఒక మార్కు మీకు.

కాకినాడ:
నేను బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. మాస్టారు అక్షరం కోసం అన్న ‘మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు’ అక్షరం కోసమే కాదండి. పగలు అన్నిటికంటే పొట్టిగా ఉండేది డిసెంబరు 21, 22లలో. కానీ పొద్దు అన్నిటికంటే ముందుగా కుంకేది అప్పుడు కాదు, మన దగ్గర నవంబరు చివరి వారానికి కాస్త అటూ ఇటూ. అయిదున్నర కాకుండానే పొద్దు వాలిపోతుంది. అదే మార్గశిరం. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి చీకటి, ఇంక అరుగు మీద మాటలెక్కడివి?

అసలు తమాషా ఇంకోటి ఉంది. డిసెంబరు నుంచి సాయంత్రం పొడుగవుతూనే ఉంటుంది గానీ, ఉదయం మాత్రం సూర్యుడు ఇంకా ఇంకా ఆలస్యంగా లేస్తాడు. జనవరి మూడో వారం దాకా అంతే, ఆరున్నర దాటితే గానీ మొహం చూపించడు. సంక్రాంతికి పగలు పెరిగిందని పంచాంగం చెప్పినా, తెల్లవారుజామున ముగ్గు వేసే మనిషి ఎందుకు నమ్మదో ఇప్పుడు తెలిసిందా? పెరిగినదంతా సాయంత్రం వైపు చేరింది. ‘పూసంత వేసంగి’ అని పుష్యంలోనే అన్నవాడు ఆ సాయంత్రాన్ని చూసినవాడు. మొన్నటి పుష్యమాసం సరిగ్గా డిసెంబరు 21న మొదలైంది కూడా.

కరీంనగర్:
మా దిక్కు చలి కాదు, ‘ఇగం’. ఇగం పెడుతుంది అంటం. మీ గోదావరోళ్ళు పద్దెనిమిది డిగ్రీలకే చంకలల్ల చేతులు పెట్టుకుంటరా అన్నా?

రాజోలు:
మాకు పద్దెనిమిది అంటే లంబసింగేనండి, ఆయ్. ఉప్పుగాలీ కాలవనీళ్ళూ కలిసిన తడి చలి, ఎముకల్లోకి దిగుతుంది.

ఆత్రేయపురం:
యతులూ కర్తలూ నాకు తెలీవు గానీ ఈ చలి సంగతి మా అత్తగారు ఆకాశం చూసి చెప్పేవారు కాదు, గూట్లో కొబ్బరినూనె సీసా చూసి చెప్పేవారు. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకడుతుందట, ఈ అంకె మా అబ్బాయి చెప్పాడు. ఆవిడకి అంకె లేదు, ‘పేరుకుంది’ అనేవారు. గడ్డకట్టింది అనరు మా ఇంట్లో. నూనె పేరుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది, గడ్డ కట్టేది కాలికి దెబ్బ తగిలితే.

నెలగంట (ధనుర్మాసం మొదలు) పెట్టిన నాలుగు రోజులకి సీసా అడుగున తెల్లగా మొదలు. భోగినాటికి మూతి దాకా రాయి. పిల్లలకి తలంటాలంటే సీసా పొయ్యిగట్టు మీద పెట్టాలి, తొందరైతే పుల్లతో గీకాలి. రథసప్తమికి చిక్కుడాకుల రథాలు చేసి, పిడకల మీద పరమాన్నం పొంగించి, పనంతా అయ్యాక సీసా తీసి చూసేవారు. పైన వేలెడు తేట ఉంటే ‘రథం తిరిగిందే’ అనేవారు. శివరాత్రి జాగారం మర్నాడు పొద్దున్న ఇంకోసారి చూసేవారు, నీళ్ళలా కదిలితే రగ్గులు ఎండలో వేసి పెట్లో పెట్టేయడమే.

ఇంకోటి పెరుగు. పుష్యమాసంలో రాత్రి తోడు వేస్తే తెల్లారేసరికి పాలు పాలలాగే వెక్కిరించేవి. గిన్నెని బియ్యం డబ్బాలో దించి పైన గోనెపట్టా కప్పేవారు. మాఘం సగానికి డబ్బా అక్కర్లేదు. ఫాల్గుణానికి మధ్యాహ్నం అన్నాల వేళకే పులుపు. కవులకి వసంతం కోయిలతో వస్తుందేమో గానీ మా ఇంటికి పుల్లమజ్జిగతో వచ్చేది.

పాలకొల్లు మాస్టారు:
అమ్మా, ఈ ఒక్క కామెంటు కోసం చర్చంతా పెట్టొచ్చు. చిన్న చేర్పు: చద్దన్నంలో ‘చద్ది’ కూడా ఆ చలి బిడ్డే. చలిది, చల్ది, చద్ది. చలిమిడీ చలివేంద్రమూ అదే ఇల్లు. చలి శివశివా అంటూ వెళ్ళిపోయిన రెండు నెలలకి చలివేంద్రం పెట్టి మళ్ళీ పిలుచుకుంటాం.

మినియాపోలిస్ (ఊరు అంబాజీపేట):
నాదొక బాధ. ఇక్కడ కిటికీ బయట మోకాలి లోతు స్నో. మా పాపకి ‘మంచు’ అంటే అదే. మొన్న ఫోన్‌లో మా అమ్మ ‘ఊళ్ళో మంచు ఎక్కువగా ఉందే, వాకిట్లోకి వెళ్ళాలంటే తలకి గుడ్డ కట్టుకోవాల్సొస్తోంది’ అంది. పాప కళ్ళు ఇంతేసి చేసుకుని ‘నానమ్మ ఊళ్ళో స్నోమాన్ చేయొచ్చా?’ అంది. అమ్మకి మంచు అంటే తెల్లారుజామున కొబ్బరితోటలో పదడుగుల అవతల చెట్టు కనపడకుండా కమ్మేది. గడ్డి మీద పడేదీ మంచే. ‘పొగమంచు’ అని వార్తల్లో తప్ప ఇంట్లో వినలేదు నేను. ఒక మాట ఇన్ని పనులు చేస్తోంది, ఇక్కడ దానికి ఇంకో పెద్ద పని అప్పజెప్పాను. తప్పంటారా?

పాలకొల్లు మాస్టారు:
తప్పేం లేదు. మాటలు ఆ ఊరి వాతావరణాన్ని బట్టి పనిచేస్తాయి. పాపకి ‘నానమ్మ మంచు’, ‘మన మంచు’ అని రెండు చెప్పండి, చాలు.

రాజానగరం:
మేం మెట్టవాళ్ళం, మామిడితోట. మా దగ్గర ఇంకో మంచుంది, అదీ రాసుకోండి. తేనెమంచు. పూత మీద చేరే చిన్న పురుగు రసం పీల్చి జిగటగా వదుల్తుంది. చెట్టు కింద నిలబడితే చొక్కాకి అంటుకుంటుంది, ఆకులు తేనె పూసినట్టు మెరుస్తాయి. ఆ జిగట మీద నల్లగా మసి పడుతుంది. ఆ పురుగుని తేనెమంచు పురుగనే అంటాం. పేరెంత ముద్దుగా ఉంటుందో పని అంత దుర్మార్గం.

మీరంతా మావిడిపూత చూసి వసంతం వచ్చిందంటారు. పూతొచ్చాక మా చూపంతా చలి మీదే. రాత్రి చలీ పొద్దున్న మంచూ ఇలాగే సాగితే పూతకి బూడిద తెగులు. చలి శివశివా అంటూ పోవాలని నిజంగా దణ్ణం పెట్టేది మేమే. కాబట్టి రాజోలు గారూ, మీ ఆవిడదే కరెక్టు, అనేది మనుషులే.

నర్సాపురం:
మా లెక్క అంతర్వేది తీర్థం. (బయటివాళ్ళకి: గోదావరి జిల్లాల్లో తీర్థమంటే జాతర. చేతిలో పోసేదీ తీర్థమే, జీళ్ళు కొనుక్కునేదీ తీర్థమే.) మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. సఖినేటిపల్లి రేవుకి దాటే పంటు (పెద్ద పడవ) మంచు విడిచేదాకా కదలకపోతే చలి ఇంకా ఉన్నట్టు. ఈ ఏడు తీర్థానికి వెళ్తూ రేవులో టీ తాగుతూ చాలాసేపు నిలబడ్డాం.

రాజోలు:
నర్సాపురం గారు తిథి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. సంక్రాంతి సూర్యుడిది, జనవరి 14, 15 దాటదు. శివరాత్రి చంద్రుడిది. 2024లో మార్చి 8, 2025లో ఫిబ్రవరి 26, ఈ ఏడు (2026) ఫిబ్రవరి 15. సంక్రాంతి నుంచి లెక్కేస్తే 53 రోజులు, 43 రోజులు, ఈసారి 31. చలికి మరీ నెలరోజులే గడువా? ఈ సామెత ఏ ఏడాదికి నిజం?

కాకినాడ:
మార్చిలో వచ్చిన ఏడాది చలి ఎప్పుడో పోయుంటుంది, సామెత ఖాళీ ఇంటికి తాళం వేస్తుంది. ఫిబ్రవరి మధ్యలో వస్తే జాగారం చేసేవాళ్ళకి శాలువా తప్పదు. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, అధికమాసం రాగానే ముందుకి గెంతుతుంది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది కనక వచ్చే శివరాత్రి మార్చి 6.

ఆత్రేయపురం:
అందుకే మా అత్తగారు సామెత చెప్పినా సీసా చూడకుండా రగ్గులు మడతపెట్టేవారు కాదు.

బడి పాఠం గురించి కూడా ఒక మాట. ‘శిశిరంలో ఆకులు రాలును’ అని బట్టీపట్టాం. చుట్టూ కొబ్బరిచెట్లు, ఏ ఆకు రాలుతుంది? మా బళ్ళో ఒకే ఒక్క బాదం చెట్టు ఎర్రగా అయి రాల్చేది. మాకు శిశిరమంటే ఆ చెట్టు, అంతే.

రాజోలు:
మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించాను. ‘చంకలెత్తనివ్వనిది చలి, ఎత్తలేనిది మనం. మొదటి సగంలో మనం ఉన్నప్పుడు రెండో సగంలో ఎక్కడికి పోయాం?’ అంది. రాజానగరం గారి మాట కూడా తన లెక్కలోనే వేసుకుంది. మాస్టారిచ్చిన ఒక్క మార్కు చూపించి ఊరుకున్నాను.

ఆత్రేయపురం వారి మాట పట్టుకుని పొద్దున్నే కిటికీలో సీసా తీసి చూశాను. పైన తేట, కింద తెలుపు, మధ్యలో ఏదో తేలుతోంది. శివరాత్రి ఇంకా వారం ఉంది.