పిత్తాశయానికీ పేగుకీ మధ్య దారి: రెండో ఆపరేషన్ అవసరమా?

గోదావరి_గట్టు:
మా అమ్మకు 72 ఏళ్లు. మూడు రోజులుగా పసరు వాంతులవుతుంటే గ్యాస్ అనుకొని మాత్రలు వేశాం. పిత్తాశయానికీ చిన్నపేగు మొదటి భాగానికీ మధ్య ఫిస్టులా (ఉండకూడని దారి) ఏర్పడిందనీ, అందులోంచి జారిన రాయి చిన్నపేగు చివర ఇరుక్కుందనీ సీటీ స్కాన్‌లో తేలింది. పేగు కోసి రాయిని తీశారు గానీ ఫిస్టులాను ముట్టుకోలేదు. సీసాలో పెట్టి చూపించిన ఆ రాయి ఉసిరికాయంత ఉంది. ఫిస్టులా మూయడానికి మళ్లీ ఆపరేషన్ చేయించాలా? ఆహారంలో ఏం మార్చాలి?

పాలమూరు_పెద్దకొడుకు:
మా నాన్నగారికి వాంతులు ఒకరోజు తగ్గి మర్నాడు తిరగబెట్టేవి. తగ్గినప్పుడల్లా ఇంటికి పంపించారు. రాయి పేగులో దొర్లుతూ ఒకచోట అడ్డుపడి, మళ్లీ కదులుతుంటే అలాగే ఉంటుందని మాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి ఆయన కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ ఐదు రోజులను నేను మరచిపోలేను.

ఎక్స్‌రే_గది:
ఇరవై ఏళ్లుగా ఈ ఫిల్ములే చూస్తున్నాను. పిత్తనాళాల్లో గాలి కనిపించిందంటే ఫిస్టులా ఉన్నట్టే. రిగ్లర్ అనే ఎక్స్‌రే వైద్యుడు 1941లోనే చెప్పారు.

తెనాలి_అక్క:
దయచేసి ఇలా భయపెట్టకండి. ఈఆర్‌సీపీ (నోటి గుండా గొట్టం పంపి పిత్తనాళానికి చేసే చికిత్స) చేసి స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేసిన మా వారికి కూడా నాళాల్లో గాలి ఉంది. ఇలాంటి మాట విని మేము రెండు రాత్రులు నిద్రపోలేదు. నాళం ముఖద్వారం కోసినా, స్టెంట్ వేసినా పేగులోని గాలి పైకి వెళ్తుందని డాక్టరు గారు తరువాత వివరించారు.

ఎక్స్‌రే_గది:
రిగ్లర్ చెప్పినవి మూడు లక్షణాలమ్మా: నాళాల్లో గాలి, పేగులో అడ్డు, ఉండకూడని చోట రాయి. నేను అనుభవంతో మాట్లాడుతున్నాను.

తెనాలి_అక్క:
ఆ మూడూ మొదటే రాయవలసింది. ఒక్క గాలినే పట్టుకొని తీర్పు చెప్పారు కనుకనే అడ్డుచెప్పాను.

ఓరుగల్లు_మేనల్లుడు:
మా అత్తయ్యకు ఫిస్టులా పెద్దపేగులోకి పడింది. అడ్డేమీ లేదు, నెలల తరబడి నీళ్ల విరేచనాలే. పైత్యరసం చిన్నపేగును తప్పించుకొని నేరుగా పెద్దపేగులోకి పోవడమే కారణమట. విటమిన్ కె తగ్గి చిగుళ్ల నుంచి రక్తం కారేది.

గోదావరి_గట్టు:
నా ప్రశ్న అలాగే ఉండిపోయింది.

బెజవాడ_నర్సు:
పెద్ద వయసులో, పేగు ఉబ్బి నీరసించిన స్థితిలో, ముందు రాయి ఒక్కటే తీసి ప్రాణాన్ని గట్టెక్కించడం చాలామంది సర్జన్లు పాటించే పద్ధతే. పిత్తాశయంలో రాళ్లు మిగలకుండా, నాళంలో అడ్డు లేకుండా ఉంటే ఫిస్టులా దానంతటదే మూసుకుపోవచ్చు. రాళ్లు మిగిలితే మరొకటి జారే ప్రమాదం ఉంది. కాబట్టి లోపల ఇంకా రాళ్లున్నాయా, ఆపరేషన్ రోజున పేగు మొత్తం తడిమి చూశారా అని ముందు అడగండి. ఈలోగా చలిజ్వరం గానీ కామెర్లు గానీ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

గోదావరి_గట్టు:
పేగు తడిమారో లేదో డిశ్చార్జి కాగితంలో లేదు. సోమవారం వెళ్లి అడుగుతాను.